మెషీన్ తీసిన నిమిషంలో చన్ను చూడండి: పాల మెషీన్ వల్ల ఆవు చన్నులు దెబ్బతినకుండా చూసుకోవడం ఎలా

కప్పులు తీసేశారు, పాలు క్యాన్‌లో పడ్డాయి. మన చూపు కూడా పాల వెంటే పోతుంది. ఎన్ని లీటర్లు, నిన్నటికంటే పెరిగిందా తగ్గిందా అని. ఆ ఒక్క నిమిషం చూపును చన్నుల మీద నిలిపితే, మెషీన్‌లో ఏ భాగం సరిగ్గా లేదో చాలావరకు అక్కడే తెలిసిపోతుంది. వ్యాక్యూమ్ మీటరు ముల్లు ఉండాల్సిన అంకె మీదే ఉంటుంది, అయినా ఏదో ఒక కప్పులో లైనర్, అంటే లోపలి రబ్బరు గొట్టం, సరిగ్గా ముడుచుకోదు. ముల్లు చూపించని ఆ తప్పు చన్ను మీద కనిపిస్తుంది.

అందుకే ఇక్కడ వరస ఇలా పెట్టుకున్నాను: ముందు చన్ను చూడటం, తర్వాత అనుమానం ఏ భాగం మీదో తేల్చుకోవడం, ఆ తర్వాతే పానా పట్టుకోవడం. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. ఆవు తన్నగానే వ్యాక్యూమ్ తగ్గిస్తారు, పొదుగువాపు రాగానే మందు మారుస్తారు, నాలుగు రోజులు చూసి మెషీన్లే మంచివి కావంటారు. మెషీన్ మంచిదే కావచ్చు. దాంట్లో అరిగిపోయిన రబ్బరు ముక్క ఒక్కటి మంచిది కాకపోవచ్చు.

కప్పులో ఏం జరుగుతుంది

ఇది కాస్త తెలియకపోతే మిగతాది బోధపడదు. బయట గట్టి షెల్, లోపల మెత్తటి రబ్బరు లైనర్. చన్ను కింద వ్యాక్యూమ్ ఎప్పుడూ ఉంటుంది. అది చన్ను రంధ్రాన్ని తెరిచి పాలు బయటికి వచ్చేలా చేస్తుంది. కానీ ఆ లాగుడు పాలతో ఆగదు, రక్తాన్నీ ఒంట్లోని నీటినీ కూడా చన్ను కొనలోకి లాగుతుంది. అందుకే పల్సేటర్ ఉంది. షెల్‌కీ లైనర్‌కీ మధ్య ఉన్న ఖాళీలోకి అది ఒకసారి వ్యాక్యూమ్‌నూ ఒకసారి గాలినీ వదులుతుంది. వ్యాక్యూమ్ ఉన్నప్పుడు లైనర్ తెరుచుకుని పాలు వస్తాయి. గాలి వచ్చినప్పుడు లైనర్ ముడుచుకుని చన్ను కొనను నొక్కుతుంది, అక్కడ చేరిన రక్తం తిరిగి పైకి పోతుంది.

1889లో స్కాట్లాండ్‌లో విలియం మర్చ్‌లాండ్ చేసిన వ్యాక్యూమ్ మెషీన్‌కు ఈ నొక్కుడు లేదు, ఎడతెగని లాగుడే. 1895లో అదే దేశంలో అలెగ్జాండర్ షీల్డ్స్ తెచ్చిన మెషీన్‌తో పల్సేటర్ వాడుకలోకి వచ్చింది. ఈ పాత సంగతి ఎందుకంటే, మీ పల్సేటర్ పనిచేయని పూట మీ ఆవుకు 1889 నాటి మెషీన్ పెట్టినట్టే.

ఇంకొక్కటి. చన్ను కొసన ఉన్న సన్నటి కాలువ పొడవు సుమారు 8 నుంచి 12 మిల్లీమీటర్లు. దాని లోపలి గోడకు కెరాటిన్ అనే మైనంలాంటి పొర ఉంటుంది. క్రిములు పొదుగులోకి పోకుండా అడ్డుపడేది ఆ పొరా, కాలువను బిగించి పట్టుకునే కండరమూ. పితికిన ప్రతిసారీ ఆ పొర కొంత కొట్టుకుపోతుంది, ఆవు మళ్లీ పెంచుకుంటుంది. మెషీన్ ఇబ్బంది పెడితే రెండు రకాల చెడు జరుగుతుంది. కొన వాచి రంధ్రం సరిగ్గా మూసుకోకపోవడం మొదటిది. ఆవు తనను కాపాడుకోవడానికి ఆ పొరను అతిగా పెంచి, కొన చుట్టూ గరుకు ఉంగరం కట్టించుకోవడం రెండోది. రెండూ పొదుగువాపుకు దారి ఇచ్చేవే.

మొదటి పని: చన్నులు చూసి రాసుకోండి

తలకు కట్టుకునే టార్చి, కాగితం, పెన్ను. ఇంతే సామాను. పితికే మనిషి వేరు, చూసే మనిషి వేరు అయితే మంచిది. ఇద్దరు లేకపోతే రోజుకు కొన్ని ఆవుల చొప్పున చూడండి. పది, పదిహేను ఆవులుంటే అన్నిటినీ చూడండి. వందల్లో ఉంటే ఐదో వంతు చూసినా చాలు, కానీ 80కి తగ్గకుండా, తొలిచూలువీ ముదురువీ కలిసేలా ఎంచుకోండి.

కప్పులు తీసిన నిమిషం లోపల, డిప్ (పితికాక చన్నును ముంచే క్రిమినాశక మందు) ముంచకముందే చూడాలి. ఆలస్యం చేస్తే రంగు సర్దుకుంటుంది, డిప్ ముంచితే అసలే కనిపించదు. ఏం చూడాలంటే:

రంగు. తెల్లటి చన్ను మామూలుగా లేత గులాబీగానే ఉండాలి. మొత్తం ఎర్రబడిందా, కొన నీలం తిరిగిందా? నల్ల చన్నుల మీద రంగు తెలియదు, వాటిని వేళ్లతోనే చూడాలి.

మొదలు దగ్గర ఉంగరం. చన్ను పొదుగుతో కలిసే చోట వాచిన పట్టీలా, దారం కట్టి విప్పినట్టు గుర్తు ఉందా?

మెత్తదనం. రెండు వేళ్లతో కొనను పట్టి చూడండి. మెత్తగా సాగాలి. గట్టిగా ఉంటే నీరు చేరిందని అర్థం. కొన్నిసార్లు కొన చప్పిడిగా, రెండు వైపులా నొక్కిన రేకులా కనిపిస్తుంది. లైనర్ ముడుచుకున్న ఆకారమే దాని మీద పడిందన్నమాట.

రంధ్రం. మూసుకుంటున్నట్టు ఉందా, లేక చిన్న గరాటులా తెరిచే ఉందా?

చర్మం మీద సూది పొడిచినట్టు ఎర్రటి చుక్కలున్నాయా అన్నది కూడా చూడండి. అవి చర్మం కింద రక్తం చిమ్మిన గుర్తులు. రంగు, వాపు ఒక్క పూటలో వచ్చేవైతే ఈ చుక్కలు కొన్ని రోజుల బాధకు గుర్తు.

ఇక కొన మీది ఉంగరం వారాల లెక్క. సాధారణంగా 2 నుంచి 8 వారాల్లో ఏర్పడుతుంది. దీనికి ప్రపంచమంతా వాడే నాలుగు మెట్ల కొలత ఉంది. ఉంగరమే లేకపోతే ఒకటి. నున్నటి, ఎత్తైన ఉంగరం ఉంటే రెండు. మెషీన్‌తో పితికే ఆవుకు ఇది మామూలే, కంగారు అక్కర్లేదు. ఉంగరం గరుకై, రంధ్రం చుట్టూ 1 నుంచి 3 మిల్లీమీటర్ల దాకా పీచులు లేస్తే మూడు. 4 మిల్లీమీటర్లు, ఆపైన లేచి, కొన పువ్వులా విచ్చుకున్నట్టుంటే నాలుగు. చూసిన చన్నుల్లో మూడు, నాలుగు మెట్లవి కలిపి ఐదో వంతు దాటితే మందలో సమస్య ఉన్నట్టే. ఎర్రదనం, మొదలు దగ్గరి ఉంగరం, గట్టిదనం విషయంలోనూ ఆవుల్లో ఐదో వంతు దాటడమే హెచ్చరిక. ఆ పీచుల్ని గోటితో గీకకండి. చాలామందికి చెయ్యి దురద పెడుతుంది గానీ, గీకితే పుండవుతుంది.

కాగితం మీద ఆవు పేరుతో పాటు రెండు సంగతులు తప్పక రాయాలి. ఏ క్లస్టర్‌తో (నాలుగు కప్పులూ కలిసిన జతతో) పితికారు, ఏ చన్ను (ముందు ఎడమ, ముందు కుడి, వెనక ఎడమ, వెనక కుడి). ఈ రెండూ లేకపోతే ఆ కాగితం దండగ. దొంగను పట్టించేవి అవే.

రెండో పని: కాగితం చదవండి

నా దృష్టిలో మొత్తం పనిలో ఇదే ముఖ్యం. ఇక్కడ అరగంట పెడితే మూడు నెలల తిప్పలు తప్పుతాయి.

బాధపడ్డ చన్నులన్నీ ఒకే క్లస్టర్ దగ్గర తేలితే, తప్పు ఆ క్లస్టర్ లైనర్లలోనో, దాని పల్సేటర్‌లోనో, గొట్టాల్లోనో ఉంది. పంపు జోలికి పోనక్కర్లేదు. క్లస్టర్ ఒక్కటే ఉన్నవాళ్లకు ఈ ఆధారం దొరకదు. వాళ్లు చన్ను స్థానాన్ని చూసుకోవాలి. ఎప్పుడూ వెనక కుడి చన్నే దెబ్బతింటుంటే ఆ కప్పు లైనర్ మెలితిరిగి ఉండొచ్చు, ఆ కప్పుకు గాలి తెచ్చే చిన్న గొట్టం చిట్లి ఉండొచ్చు, లేదా క్లస్టర్ ఒక పక్కకు లాగుతూ వేలాడుతుండొచ్చు.

ముందు చన్నులు మాత్రమే ఎక్కువ ఆవుల్లో పాడైతే వేరే కథ. చాలా ఆవుల్లో వెనక పొదుగులో పాలు ఎక్కువ, ముందు పొదుగు తొందరగా ఖాళీ అవుతుంది. వెనకవి పూర్తయ్యేదాకా ముందు చన్నులు ఉత్త వ్యాక్యూమ్‌లో ఉండిపోతాయి. కొంత వరకు తప్పదు. బాగా ఎక్కువగా ఉంటే మాత్రం మీరు మెషీన్‌ను చివరిదాకా ఉంచుతున్నట్టు.

అన్ని క్లస్టర్లలో, అన్ని చన్నులూ ఎర్రబడి గట్టిపడితే అప్పుడు అందరికీ ఉమ్మడిగా ఉన్నదాన్ని అనుమానించాలి: వ్యాక్యూమ్ మట్టం, పల్సేటర్ సెట్టింగ్, కాలం చెల్లిన లైనర్లు, లేదా పితికే మనిషి అలవాటు. మొదలు దగ్గర ఉంగరాలు మాత్రమే ఉండి కొనలు బాగుంటే, లైనర్ మూతి మీ ఆవుల చన్నులకు సరిపోలేదనీ, లేదా పాలు అయ్యాక కూడా ఉంచుతున్నారనీ అనుకోవచ్చు.

మెషీన్ తప్పు కానివి కూడా ఉన్నాయి. మెషీన్ వేయని ఆవుల చన్నులు కూడా పొడిబారి పగిలితే వాతావరణమో, బురదో, డిప్ మందో కారణం. డిప్ కొత్త డబ్బా తెరిచినప్పటి నుంచి మొదలైందా అని గుర్తు చేసుకోండి. మొనదేలిన చన్నులు, పొడవాటి చన్నులు, ఈనిన కొత్తలో పాలు బాగా ఇచ్చే ఆవులు, వీటికి ఉంగరం త్వరగా గరుకవుతుంది. చలికాలపు పొడి గాలి దాన్ని ఇంకాస్త పెంచుతుంది. ఒకటి రెండు ఆవుల కోసం మెషీన్ సెట్టింగులన్నీ మార్చడం తెలివైన పని కాదు.

మూడో పని: లైనర్లు

అనుమానం ఎటూ తేలకపోతే లైనర్లతో మొదలుపెట్టండి. చన్నును తాకే భాగం మెషీన్ మొత్తంలో ఇదొక్కటే. ముందుగా చెడేది కూడా ఇదే.

రబ్బరు లైనర్ ఆయుష్షు సుమారు 2,500 పితుకుళ్లు. ఆ తర్వాత కంటికి బాగానే కనిపిస్తుంది, కానీ పాల కొవ్వునూ కడిగే మందునూ పీల్చి, బిగువు పోగొట్టుకుంటుంది. బిగువు తగ్గిన లైనర్ ఆలస్యంగా తెరుచుకుంటుంది, ఆలస్యంగా ముడుచుకుంటుంది. పాలు రావడానికి ఎక్కువసేపు పడుతుంది, చన్నుకు దొరికే నొక్కుడు అరకొరే. లోపల కంటికి ఆనని పగుళ్లలో క్రిములు స్థిరపడతాయి, ఎంత కడిగినా పోవు. సిలికాన్ లైనర్లు దీనికి రెట్టింపు, అంతకంటే ఎక్కువ కూడా వస్తాయి. వాటికి కంపెనీ చెప్పిన లెక్కే పాటించండి.

ఎన్ని రోజులకు మార్చాలో లెక్క ఇది: 2,500ను క్లస్టర్ల సంఖ్యతో గుణించండి. ఆవుల సంఖ్యను రోజుకు పితికే పూటలతో గుణించండి. మొదటిదాన్ని రెండోదాంతో భాగించండి. ఒక క్లస్టర్, 8 ఆవులు, రెండు పూటలు అయితే 2,500ను 16తో భాగిస్తే 156 రోజులు. రెండు క్లస్టర్లతో 40 ఆవులైతే 5,000ను 80తో భాగించాలి, 62 రోజులే. ఎడం ఎంతుందో చూడండి. ‘ఆరు నెలలకోసారి మారుస్తాం’ అనేవాళ్లు రెండో లెక్కలో ఉంటే, నాలుగు నెలలు చచ్చిన రబ్బరుతో పితుకుతున్నట్టు. లెక్క ఆరు నెలలు దాటినా, ఆరు నెలలకు మార్చేయండి, రబ్బరు వాడకపోయినా పాతబడుతుంది. మార్చిన తేదీ గోడ మీద రాయండి.

మార్చేటప్పుడు నాలుగూ కలిపి మార్చాలి. చిట్లిన ఒక్కదాన్నే మార్చితే ఒక కప్పు ఒకలా, మూడు ఇంకోలా పితుకుతాయి. ఎక్కించేటప్పుడు మెలి పడకుండా చూడండి. లైనర్ మీద పైన, కింద ఒక గీతో బాణమో ఉంటుంది. రెండూ ఒకే వరసలో ఉండాలి. మెలితిరిగిన లైనర్ పూర్తిగా మూసుకోదు. పొరపాట్లలో దీన్నే నేను ఎక్కువగా చూశాను, సరిచేయడం కూడా ఇదే తేలిక. విడి లైనర్లను ఎండలోనూ, మోటారు పక్కనా పెట్టకండి. ఎండ, మోటారు నిప్పురవ్వల నుంచి పుట్టే ఓజోన్ వాయువు, రెండూ రబ్బరును తినేస్తాయి.

సైజు సంగతి. లైనర్ గొట్టం చన్నుకు మరీ వెడల్పైతే చన్ను చుట్టూ సందు మిగిలి, వ్యాక్యూమ్ పైన మూతి దాకా పాకుతుంది. మొదలు దగ్గర ఉంగరం పడేది దాంతోనే. మరీ ఇరుకైతే చన్ను లోపలికి పోక లైనర్ జారిపోతుంటుంది. మందలో ఎక్కువ ఆవుల చన్నుల లావు, పొడవు కొలిచి దానికి తగ్గది కొనాలి. ఒక్క పెద్దావిడ కోసం కొనకూడదు, ఆ ఒక్కదాన్ని చేత్తో పితకండి.

నాలుగో పని: వ్యాక్యూమ్

పాలు జోరుగా వస్తున్నప్పుడు క్లాలో, అంటే నాలుగు కప్పుల పాలు కలిసే గిన్నెలో, సగటున 32 నుంచి 42 కిలోపాస్కల్స్ ఉండటం ఆవులకు సరైన పరిధి. మీ మీటరు పాదరసం మిల్లీమీటర్లలో ఉంటే 240 నుంచి 315. గుర్తుంచుకోండి, ఇది చన్ను దగ్గరి లెక్క, పంపు దగ్గరిది కాదు. గొట్టాల్లో పాలు పోతుంటే పంపు దగ్గరి కంటే క్లాలో తక్కువ ఉంటుంది. పాల లైను ఆవు కంటే ఎత్తున ఉంటే ఇంకా తగ్గుతుంది. అందుకే ఎత్తు లైనున్న చోట పంపు దగ్గర ఎక్కువ పెట్టాల్సి వస్తుంది. క్లా దగ్గర కొలవడానికి టెక్నీషియన్ దగ్గర చిన్న పరికరం ఉంటుంది, ఏడాదికోసారి కొలిపించండి.

ఎక్కువైతే చన్ను కొనలో రక్తం పేరుకుంటుంది, రంధ్రం తెరిచే ఉంటుంది. ఇది అందరికీ తెలుసు. తక్కువైతే మంచిదేనన్న నమ్మకం మాత్రం తప్పు. తక్కువ వ్యాక్యూమ్‌లో పితకడం సాగుతుంది, చన్ను ఎక్కువసేపు కప్పులో ఉంటుంది, కప్పులు జారుతుంటాయి. జారినప్పుడు జరిగేది ఇంకా చెడ్డది, కాసేపట్లో చెబుతాను.

గేదెలున్నవాళ్లకు ఒక మాట: ఈ అంకెలు ఆవులవి. గేదె చన్ను కండరం బిగువు, పైగా పొదుగు కింది అరలో నిలిచే పాలు చాలా కొంచెం. దాని సెట్టింగ్ వేరు. ఒకే మెషీన్‌తో రెండింటినీ పితికి, గేదెకు పెంచిన వ్యాక్యూమ్‌ను ఆవుకు అలాగే ఉంచేయడం చాలాచోట్ల జరిగే పని.

మట్టం కంటే నిలకడ ముఖ్యం. మూడు నాలుగు క్లస్టర్లున్నవాళ్లు ఇలా చూడండి: అన్నీ పనిచేస్తుండగా ఒక క్లస్టర్ ఊడిపడినట్టు గాలి పీల్చనివ్వండి. ముల్లు 2 కిలోపాస్కల్స్ కంటే, అంటే 15 మిల్లీమీటర్ల కంటే ఎక్కువ పడిపోకూడదు. పడిపోతే పంపు చాలడం లేదు, లేదా రెగ్యులేటర్ (వ్యాక్యూమ్‌ను ఒకే మట్టంలో ఉంచే భాగం) దుమ్ము పట్టి బిగుసుకుంది, లేదా ఎక్కడో లీకు ఉంది. ముందు రెగ్యులేటర్ విప్పి శుభ్రం చేయండి. పంపు బెల్టు, నూనె ఆ తర్వాత. కొత్త పంపు కొనడం అన్నిటికంటే ఆఖరి మాట.

ఐదో పని: పల్సేటర్

ఆవుకు పెట్టకముందే ప్రతి పూటా చేయదగ్గ పరీక్ష ఇది. శుభ్రమైన బొటనవేలును ఒక కప్పులో పెట్టండి, మిగతా మూడింటికి గాలి పోకుండా మడతపెట్టండి, వ్యాక్యూమ్ తెరవండి. లైనర్ వేలును పట్టి వదలడం తెలియాలి. పట్టు బలంగా, వదలడం పూర్తిగా ఉండాలి. నాలుగు కప్పులూ ఇలాగే చూడండి. ఒకదాంట్లో పట్టు నీరసంగా ఉంటే ఆ కప్పు చిన్న గొట్టం పగిలిందో, నలిగిందో, లోపల నీరో పాలో చేరాయో చూడండి. లైనర్ చిట్లితే పాలు ఆ గొట్టంలోంచి పల్సేటర్‌లోకి కూడా పోతాయి.

గడియారం పెట్టి కొట్టుకోవడం లెక్కపెట్టండి. ఆవులకు నిమిషానికి 60 దగ్గర ఉంటుంది. 60కి 40 నిష్పత్తి అంటే, ఒక్కో సెకనులో 600 మిల్లీసెకన్లు తెరుచుకునే వంతు, 400 ముడుచుకునే వంతు. ఈ ముడుచుకునే వంతులో లైనర్ పూర్తిగా మూసుకుని ఉండే సమయం కనీసం 150 మిల్లీసెకన్లు ఉండాలి. చన్నుకు దొరికే విశ్రాంతి అదే. ఇది చెవికీ వేలికీ దొరకదు, టెక్నీషియన్ గ్రాఫ్ తీస్తేనే కనిపిస్తుంది. అందుకే ‘టిక్ టిక్’ అంటోంది కదా, బాగానే ఉందిలే అని వదిలేయకండి. చప్పుడు చేస్తూనే చన్నుకు విశ్రాంతి ఇవ్వని పల్సేటర్లు ఉంటాయి. పల్సేటర్ గాలి పీల్చే చోట ఉండే ఫిల్టర్‌ను నెలకోసారి దులపండి. అది మూసుకుపోతే లైనర్ నెమ్మదిగా ముడుచుకుంటుంది.

పల్సేటర్‌తో పాటే క్లా మీది గాలి రంధ్రం చూడండి. సూది మొనంత ఉంటుంది. దాంట్లోంచి వచ్చే కాస్త గాలే పాలను గొట్టంలోకి తోస్తుంది. అది మూసుకుంటే పాలు క్లాలో నిండి, ఒక చన్ను పాలు ఇంకో చన్నును ముంచుతాయి. ఒకదాని జబ్బు ఇంకోదానికి అంటే దారి అదే. సన్నటి తీగతో తెరవండి, కానీ రంధ్రం పెద్దది చేయకండి.

ఆరో పని: పెట్టడం, తీయడం

మెషీన్ ఎంత బాగున్నా చేతి అలవాట్లు చన్నును పాడు చేయగలవు. నన్నడిగితే సగం సెట్టింగుల గొడవలు నిజానికి తొందరపాటు గొడవలే.

ఆవు చేపుకు రాకముందే కప్పులు పెడితే, పొదుగు కింది అరలో ఉన్న కాసిని పాలు వచ్చేసి ధార ఆగిపోతుంది. మిగతావి ఇంకా పైనే ఉంటాయి. ఆ మధ్యలో అరనిమిషమో నిమిషమో చన్ను ఖాళీ వ్యాక్యూమ్‌లో వేలాడుతుంది. పితికిన చివర జరిగే నష్టమే ఇక్కడ మొదట్లోనూ జరుగుతుంది. కాబట్టి ఒక్కో చన్ను నుంచి మూడు నాలుగు ధారలు చేత్తో ముదురు రంగు గిన్నెలోకి తీసి పాలు చూడండి, చన్నులు శుభ్రం చేయండి, పొడి గుడ్డతో తుడవండి. చేతులు చన్నుల మీద మొత్తం 10 నుంచి 20 సెకన్లు ఆడాలి. మొదటిసారి తాకినప్పటి నుంచి 60 నుంచి 120 సెకన్లలో కప్పులు పెట్టాలి. ముందు పది ఆవుల్ని కడిగేసి తర్వాత వరసగా మెషీన్ వేసుకొచ్చే పద్ధతి వద్దు. చివరి ఆవు దగ్గరికి వచ్చేసరికి చేపు సగం పోతుంది. ఒక ఆవు చన్నుల గుడ్డ ఇంకో ఆవుకు వాడకూడదు.

తడి చన్నుకు కప్పు జారుతుంది. జారినప్పుడు కీచుమని చప్పుడు వస్తుంది. ఆ చప్పుడుకు లేచి వెళ్లండి. ఒక కప్పు నుంచి గాలి ఒక్కసారిగా చొరబడితే, క్లాలోని పాల తుంపరలు ఎదురు తిరిగి మిగతా మూడు చన్నుల కొనలను వేగంగా కొడతాయి. తెరిచి ఉన్న రంధ్రం, పైకి ఎగిరిన క్రిములు, ఇంకేం కావాలి? క్లస్టర్ పొదుగు కింద ఎటూ ఒరగకుండా సమంగా వేలాడాలి. పొడుగు గొట్టం మెలితిరిగి ఒక పక్కకు లాగితే ఆ పక్క చన్ను వంగుతుంది, ఎదుటి పక్క కప్పు జారుతుంది. గొట్టానికి ఒక కొక్కెం పెడితే చాలు.

తీయడం. పాలు సన్నగిల్లగానే చూపు అక్కడ ఉండాలి. ధార ఆగాక ఉంచిన ప్రతి నిమిషం చన్ను మొదలును కప్పులోకి లాగుతుంది, కప్పు పైకి పాకి పాల దారినే నొక్కేస్తుంది. చివరి బొట్టు దాకా పిండాలన్న పట్టుదల చేతి పితుకుడు రోజుల నుంచి వచ్చింది. మెషీన్ విషయంలో అది పనికిరాదు. క్లాను చేత్తో కిందికి నొక్కి పిండేవాళ్లున్నారు, ఆ అలవాటు మానండి. సరిగ్గా తీస్తున్నారో లేదో తెలియాలంటే, తీశాక కొన్ని ఆవుల్ని చేత్తో పితికి చూడండి. ఒక్కో చన్ను నుంచి 100 మిల్లీలీటర్ల లోపు వస్తే బాగానే ఉంది. ఎన్ని ఆవుల్ని చూసినా ఒక్క చుక్క కూడా రాకపోతే మురిసిపోకండి, మీరు ఎక్కువసేపు ఉంచుతున్నారు.

ముందు వ్యాక్యూమ్ మూసి, రెండు మూడు సెకన్లు ఆగి, నాలుగు కప్పులూ కలిపి కిందికి దించండి. వ్యాక్యూమ్ ఉండగా ఒక్కో కప్పు పీకడం అంటే ఇందాక చెప్పిన తుంపరల దెబ్బను చేతులారా తెప్పించుకోవడమే.

ఆ వెంటనే డిప్. అర శాతం అయోడిన్, చర్మం పొడిబారకుండా గ్లిజరిన్ లాంటిది కలిసినది. కొన ఒక్కటే తడిపితే చాలదు, కప్పు తాకినంత మేరా మునగాలి. రంధ్రం పూర్తిగా మూసుకోవడానికి అరగంట నుంచి గంట, ఒక్కోసారి ఇంకాస్త పడుతుంది. అందాకా ఆవు పడుకోకుండా ముందు మేత వేయండి.

మార్చాక ఎన్నాళ్లు ఆగాలి

ఒకసారికి ఒక్కటే మార్చండి. లైనర్లూ, వ్యాక్యూమ్, పల్సేటర్ ఒకే రోజు మార్చితే మంచి దేనివల్ల జరిగిందో, చెడు దేనివల్ల జరిగిందో తేలదు. చిట్లిన గొట్టం, మెలితిరిగిన లైనర్ లాంటివి మాత్రం కనిపించినప్పుడే సరిచేయాలి, వాటికి ఈ నియమం లేదు.

రంగు, వాపు, మొదలు దగ్గర ఉంగరం మారాయా అన్నది ఆ పూటో మర్నాడో చూసినా తెలుస్తుంది. రక్తపు చుక్కలకు కొన్ని రోజులు ఇవ్వండి. గరుకు ఉంగరం నెమ్మదిగా పోతుంది. నాలుగో మెట్టు చన్నులు కొన్ని, ఆవు పాలు ఎండగట్టి రెండు నెలలు మెషీన్‌కు దూరంగా ఉంటే తప్ప నున్నబడవు. కాబట్టి కొనల కోసం రెండో కాగితం ఎనిమిది వారాలకు రాసి, మొదటిదాని పక్కన పెట్టి చూడండి. అప్పటికీ అదే కప్పు కింద అవే చన్నులు గరుకుగా తేలితే, ఆ కాగితాలు రెండూ టెక్నీషియన్ చేతికిచ్చి, ఆ క్లస్టర్ పల్సేటర్‌కు మీ ఎదుటే గ్రాఫ్ తీయించండి.